చంటికి, గోదాము ఉద్యోగం గురించి

చంటీ,

దసరా సీజన్‌కి మేడ్చల్ వైపు గోదాములో మూడు నెలల ప్యాకింగ్ పనికి వెళ్తున్నావట, మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. డిగ్రీ చేతికి రాకముందే సొంత సంపాదన అంటున్నావని మురిసిపోయాను. అది గోదాములకి మనుషుల్ని పంపే ఏజెన్సీ ద్వారా అని తెలిశాక మాత్రం గుబులు పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

ఇంటర్వ్యూకి భయపడకు, పది నిమిషాల పని. రాత్రి షిఫ్టు చేస్తావా, ఎనిమిది తొమ్మిది గంటలు నిలబడగలవా, బండి ఉందా, ఎప్పుడు చేరతావు, మధ్యలో మానేస్తావా అని అడుగుతారు. వాళ్లకి కావలసింది ఆఖరి ప్రశ్నకి జవాబే. పరీక్షలుంటే ఆ తేదీలు అక్కడే చెప్పెయ్. దాచిపెట్టి చేరి, దీపావళి ముందు వారం ఎగ్గొడితే మళ్లీ పిలవరు. జిరాక్సులూ ఫొటోలూ తీసుకెళ్లు. ఒరిజినల్స్ చూపించు, చేతికివ్వకు. ఫీజు, డిపాజిట్టు అన్నారంటే లేచి వచ్చెయ్.

జీతం దగ్గర మాత్రం నోరు విప్పాలి. మొహమాటపడ్డావో, మొదటి నెల స్లిప్పు చూసి తెల్లబోతావు. ‘పద్దెనిమిది వేలు’ అన్నారంటే అది చేతికొచ్చేదా, సీటీసీయా (నీ మీద వాళ్లకయ్యే మొత్తం ఖర్చా) అని అడుగు. లెక్క ఇలా ఉంటుంది. మొత్తం జీతం 16,000, అందులో బేసిక్, అంటే మూల వేతనం, 12,000 అనుకో. పీఎఫ్ అంటే ముందు ముందుకి దాచే భవిష్యనిధి, నీ వాటా బేసిక్‌లో 12 శాతం, 1,440. ఈఎస్ఐ అంటే కార్మికుల బీమా, మొత్తం జీతంలో 0.75 శాతం, 120. రాష్ట్రానికి పోయే ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. చేతికొచ్చేది 14,290. ఏజెన్సీ కట్టే పీఎఫ్ ఖర్చు 1,560, ఈఎస్ఐ 520 కూడా కలిపి 18,080 అని చెబుతారు. అది అబద్ధం కాదు, కానీ నీ జేబులోకొచ్చేది అది కాదు. బస్సుకీ, క్యాంటీన్‌కీ, బూట్లకీ ఏమన్నా కోస్తారేమో కూడా కనుక్కో. ఓవర్‌టైమ్ రేటు ఎంతో అడుగు. చట్టం ప్రకారం రెట్టింపు.

హాజరు ఏ తేదీ నుంచి ఏ తేదీకి లెక్కేస్తారో కూడా అడుగు. చాలాచోట్ల 26 నుంచి 25 వరకు. నువ్వు 27న చేరితే మొదటి జీతానికి నెల పైనే ఆగాలి. అందాకా బండి పెట్రోలుకి డబ్బులు కావాలంటే నన్నడుగు, బయట అప్పు చెయ్యకు.

ఇక అసలు సంగతి. మీ నాన్నకి పీఎఫ్ ఉందని నీకు తెలుసు. దానికోసం ఎన్ని తిప్పలు పడ్డాడో తెలీదు. వాడు మొదటి ఏజెన్సీలో ఆరేళ్లు చేశాడు. 2014లో యూఏఎన్ (ఎన్ని ఉద్యోగాలు మారినా మనిషికి ఒకటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) వచ్చాక వాళ్లే ఒకటి తీశారు. తర్వాత వేరే ఏజెన్సీలో చేరిన రోజు పాత పీఎఫ్ వివరాలు అడిగే ఫారం 11 ముందు పెట్టారు. ‘ఇంతకుముందు పీఎఫ్ సభ్యులా?’ అన్న ప్రశ్నకి అక్కడి కుర్రాడు ‘లేదు’ అని టిక్కు పెట్టి, సంతకం చెయ్యమన్నాడు. మా తమ్ముడు చదవకుండా చేసేశాడు. దాంతో ఇంకో యూఏఎన్ పుట్టింది. అక్కడ అయిదేళ్లు. పీఎఫ్‌తో పాటు ఉండే పింఛను నెలనెలా రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. వాడికి పదకొండేళ్లుంది కానీ రెండు ముక్కలుగా ఉంది. విడివిడిగా చూస్తే దేనికీ చాలదు.

కలుపుదామంటే ఇంకో చిక్కు. మొదటిదాంట్లో పదో తరగతి మెమోలో ఉన్నట్టు ఇంటిపేరు పూర్తిగా ఉంది. రెండోదాంట్లో ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరం. కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు. పేరు సరిచేయడానికి పాత యజమాని సంతకం కావాలన్నారు. ఆ ఏజెన్సీ అప్పటికే బోర్డు తీసేసింది. వాళ్లు మానేసిన తేదీ కూడా ఎక్కించలేదు, అది లేకపోతే బదిలీ కదలదు. మీ నాన్న సెలవులు పెట్టుకుని ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. ఒక్క టిక్కురా, చంటీ.

ఇప్పుడు యూఏఎన్ ఆధార్‌తో ముడిపడి ఉంది కాబట్టి రెండు నంబర్లు పుట్టడం తగ్గింది. పేరు తేడా మాత్రం మన తెలుగువాళ్లని వదల్లేదు. మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాన్‌లో అసలుండదు. చేరకముందే మూడూ సరిచూసుకో, పుట్టినతేదీతో సహా. కిందటేడు సెలవుల్లో ఆ కాల్ సెంటర్‌లో నెలన్నర చేశావు కదా, అప్పుడు స్లిప్పులో పీఎఫ్ కోశారా? కోసుంటే నీకూ యూఏఎన్ ఉన్నట్టే. ఫారం 11లో ‘అవును’ అని రాసి, నీ చేత్తో నువ్వే ఆ నంబరు వెయ్యి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టావంటే మాత్రం నా గడప తొక్కకు.

సీజన్ అయిపోయాక మానేసిన తేదీ వాళ్లు ఎక్కించారో లేదో చూడు. ఎక్కించకపోతే, ఆఖరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత పీఎఫ్ ఆఫీసు (ఈపీఎఫ్‌ఓ) సైట్‌లో నువ్వే వేసుకోవచ్చు.

ఈఎస్ఐ నంబరు చేరిన వారంలోనే అడిగి తీసుకో. వైద్యం మొదటి రోజునుంచే వర్తిస్తుంది. పనికి వెళ్తూ వస్తూ దారిలో జరిగే ప్రమాదాలకీ వర్తించేలా 2010లో చట్టం సవరించారు. రాత్రి రెండింటికి లారీల మధ్య బండి మీద వస్తావని తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు. హెల్మెట్ బకిల్ పెట్టుకోవడం మర్చిపోకు. కంపెనీ బస్సుంటే దానికే రా.

నీకు జీతమిచ్చేది ఏజెన్సీ. వాళ్లు ఎగ్గొడితే గోదాము యజమానే కట్టాలని చట్టంలోనే ఉంది. అది అడగాలంటే నువ్వక్కడ పనిచేశావని రుజువుండాలి. ఆఫర్ లెటరు, గేటు పాసు, ప్రతినెలా హాజరు, స్లిప్పు అన్నీ ఫోన్లో ఫొటో తీసి ఉంచు. ‘బాగా చేస్తే పర్మినెంట్ చేస్తాం’ అంటారు. కాదనకు, నమ్ముకుని పరీక్షలూ మానకు. కిందటి సీజన్‌లో ఎంతమందిని ఉంచారో లోపలివాళ్లని టీ దగ్గర అడిగితే తెలిసిపోతుంది.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. ఆధార్, పాన్, పదో తరగతి మెమో మూడూ పక్కపక్కన పెట్టుకుని కూర్చో. నువ్వు ఒక్కో అక్షరం చదువు, నేను రాసుకుంటాను.

మీ అత్త