అగ్గువకు దొరికిందని నకిలీ సామాను కొనకు తమ్ముడూ

దేవరకొండ నుంచో నారాయణపేట నుంచో చదువుకు అమెరికా వచ్చిన పిల్లలు మొదటి నెల ఆన్‌లైన్ల కొనేటివి దాదాపు ఒకటే: ఛార్జర్, పవర్ బ్యాంక్, మెమరీ కార్డు, ఇయర్‌బడ్స్. నకిలీలు ఎక్కువ తిరిగేది కూడా ఇవే. 20 డాలర్లేగా అంటరు మీరు. రూపాయల్లోకి మార్చి చూడుండ్రి, 1,600 పైనే. బత్తాయి తోట కాయితాలు బ్యాంకుల పెట్టి తెచ్చిన పైసలు అవి. ప్రతి డాలర్ లెక్క చూసుకుంట ఇక్కడ ఇల్లు కట్టుకున్నోణ్ణి, అందుకే కొంచెం గట్టిగ చెప్తున్న.

అమెజాన్‌ల కనబడేదంతా అమెజానే అమ్ముతదని మీ అందరి నమ్మకం. కొనే బటన్ కాడ రెండు పేర్లు ఉంటయి, పంపేది ఎవరు, అమ్మేది ఎవరు అని. పంపేది అమెజాన్ అయినా అమ్మేటోడు వేరే ఉండొచ్చు. అమ్మేకాడ అమెజాన్ పేరో, ఆ కంపెనీ సొంత దుకాణం పేరో ఉంటేనే కొను. తర్వాత కిందికి పోయి పాత రివ్యూలు చదువు. పవర్ బ్యాంక్ కింద ఫోన్ కవర్ గురించి రాసి ఉంటే, పాత పేజీల కొత్త సరుకు జొర్రగొట్టిండ్రని అర్థం.

పవర్ బ్యాంక్ రాంగనే త్రాసు మీద పెట్టు. లోపల ఉండే గుండ్రటి బ్యాటరీని 18650 సెల్ అంటరు (అది సైజు పేరు). ఒక్కటి మంచిదైతే 3,300 నుంచి 3,500 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడ్తదో చెప్పే లెక్క) ఇస్తది, 45 నుంచి 48 గ్రాములు తూగుతది. 20,000 ఎంఏహెచ్ కావాలంటే ఆరు సెల్స్ పెట్టాలె. సెల్స్ బరువే 270 గ్రాములు దాటుతది, పైన డబ్బా, బోర్డు. మొత్తం 200 గ్రాములే తూగిందా, వాపస్ పంపు. 18650 సెల్ మీద 9,900 అని రాసి ఉంటే అది పచ్చి అబద్ధం.

మెమరీ కార్డు మోసం ఇంకా చెడ్డది, ఎందుకంటే వెంటనే తెల్వది. లోపల 32 జీబీ చిప్పే పెట్టి, ఒక టీబీ (దాదాపు వెయ్యి జీబీ) అని ఫోన్‌కు చెప్పేటట్టు కార్డును నడిపే కంట్రోలర్‌ను మారుస్తరు. 32 జీబీ దాకా అంతా మంచిగనే ఉంటది. దాని తర్వాత తీసిన అక్క పెండ్లి ఫొటోలకు పేర్లు మాత్రమే మిగులుతయి, తెరిస్తే ఏమీ ఉండదు. అందుకే కార్డు ఖాళీగ ఉన్నప్పుడే విండోస్‌ల హెచ్2టెస్ట్‌డబ్ల్యూ (H2testw), మ్యాక్‌ల ఎఫ్3 (F3) అనే కార్డు పరీక్షించే సాఫ్ట్‌వేర్ నడిపి మొత్తం నింపి, మళ్ల చదివించాలె. సెకనుకు 20 ఎంబీ రాసే 128 జీబీ కార్డు నిండడానికే రెండు గంటల దాకా పడ్తది. రాత్రి పెట్టి పండుకో.

ఛార్జర్ విషయంల మాత్రం పైసల కంటే పానం ముఖ్యం. 2016ల యూఎల్ అనే, సామాన్ల భద్రత పరీక్షించే సంస్థ 400 నకిలీ ఐఫోన్ అడాప్టర్లను పరీక్షిస్తే మూడే నిలబడ్డయి. లోపల గోడ ప్లగ్గు నుంచి వచ్చే 120 వోల్టుల వైపుకు, ఫోన్ వైపుకు నడుమ ఇన్సులేషన్ సరిగ ఉండదు, ఆ కరెంటు కేబుల్ దాకా రావొచ్చు. ఇగ యాపిల్ ఇయర్‌బడ్స్ ఎయిర్‌పాడ్స్‌కు సీరియల్ నంబర్ చూసి మురువకు, నకిలీ మీద అసలు నంబరే కొడ్తరు. ఐఓఎస్ 16, ఆ పైన ఉన్న ఐఫోన్‌కు కలిపి చూడు, నకిలీ అయితే చాలాసార్లు హెచ్చరిక వస్తది.

సామాను వచ్చిన రెండు రోజుల్లనే ఇవన్నీ చేసెయ్, డబ్బా పారేయకు, రిటర్న్ గడువు ఆర్డర్ పేజీల చూసుకో. క్రెడిట్ కార్డుతోనే కట్టు, అమ్మినోడు మొండికేస్తే బ్యాంకుకు ఫిర్యాదు చెయ్యొచ్చు. జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగ పైసలు పంపే సేవ) తోని పంపిన పైసలు మాత్రం తిరిగొచ్చుడు శానా కష్టం.

ఊర్ల అమ్మానాన్నలు ఆన్‌లైన్ల ఛార్జర్ తెప్పించుకుంటే, దాని మీద ఆర్ (R) అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబర్ ఫొటో తీసి పంపమను. బీఐఎస్ కేర్ యాప్‌ల ఆ నంబర్ కొడితే అది ఏ కంపెనీదో కనబడ్తది. ఛార్జర్ మీద ఉన్న పేరు, యాప్‌ల పేరు కలవకుంటే ప్లగ్గుల పెట్టొద్దని చెప్పు.