తల లేని రొయ్య

తమ్ముడూ,

అనోమలోకారిస్ అనే పురాతన సముద్రజంతువు మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘ఆదిమ సముద్రాలను గడగడలాడించిన రాక్షసి’ అని ఎత్తుకున్నావు. ఆ వాక్యం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. 50 కోట్ల ఏళ్ల నాటి జంతువును నువ్వు మొదటి వాక్యంలోనే నిలువెత్తున నిలబెట్టేశావు. శాస్త్రవేత్తలకు అదే పనికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది. నీ కథంతా ఆ తొంభై ఏళ్లలోనే ఉంది.

కెనడాలో స్టీఫెన్ పర్వతం మీద దొరికిన ఆ శిలాజాన్నే చూడు. కణుపులు కణుపులుగా ఉంటుంది, కొద్దిగా వంగి ఉంటుంది, కింది వైపు జంటజంటగా ముళ్లు. చేపల బజారులో తల తుంచేసిన రొయ్య ఎలా ఉంటుందో అచ్చం అలాగే. 1892లో శిలాజ శాస్త్రవేత్త వైటీవ్స్ కూడా అలాగే అనుకున్నాడు, ‘వింత రొయ్య’ అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. ఆ రొయ్యలకు తల మాత్రం ఎప్పుడూ దొరకలేదు. ఎలా దొరుకుతుంది? అది రొయ్యే కాదు, అంతకన్నా చాలా పెద్ద జంతువు నోటి ముందుండే చెయ్యి. దీన్ని నువ్వు ‘మొదట్లో పొరబడ్డారు’ అని రెండు మాటల్లో తేల్చేశావు. ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోంచే సాగనంపినట్టుంది.

1911లో వాల్కాట్ అనే మరో శాస్త్రవేత్త ఇంకో శిలాజాన్ని జెల్లీచేప అన్నాడు. చక్రంలా కోసిన అనాసముక్క, నడుమ రంధ్రం, అలా ఉంటుందది. నిజానికది నోరు. 1979లో బ్రిగ్స్ ‘రొయ్య’ ఒక అవయవమేనని గుర్తించాడు. ఆ తర్వాత విటింగ్టన్ ఓ శిలాజం మీది రాతిపొర తొలగిస్తుంటే చెయ్యీ నోరూ ఒకే ఒంటికి అంటుకుని బయటపడ్డాయి. 1985లో ఇద్దరూ కలిసి ఆ సంగతి ప్రకటించారు. నేనైతే ఆ రాతిపొర దగ్గరే వ్యాసం మొదలుపెడతాను.

ఇక నీ క్రియాపదాల సంగతి. ‘ట్రైలోబైట్ల పెంకులను పటపటా విరిచేది’ అన్నావు. ట్రైలోబైట్లంటే ఆ కాలపు గట్టి పెంకు సముద్రజీవులని పాఠకుడికి చెప్పనేలేదు, సరే. చెవికి ఇంపుగానే ఉంది, నాకూ నచ్చింది. కానీ ఆ చేతులకు గట్టి పెంకులను విరిచే దిటవు లేదనీ, చురుగ్గా ఈదుతూ మెత్తని ఒళ్లున్న జీవులను పట్టేదనీ 2023 నాటి పరిశోధన చెబుతోంది. కాబట్టి ‘పటపటా’ పోవాల్సిందే. దాని బదులు కళ్ల గురించి రాయి. ఆస్ట్రేలియాలోని కంగారూ దీవిలో దొరికిన కంటిని 2011లో పరిశీలిస్తే, ఒక్క కంట్లోనే కనీసం 16,000 కటకాలు ఉండి ఉంటాయని తేలింది. రాక్షసి అనే మాట లేకుండానే పాఠకుడు ఉలిక్కిపడతాడు.

ఆదివారంలోగా తిరగరాసి పంపు. వ్యాసానికి జతచేసిన బొమ్మ కూడా మార్చు. అందులో దాని నోటికి ఆ అనాస చక్రమే తగిలించారు. 1985లో దీనిదే అనుకున్నారు గానీ, అది దీని దాయాది పేటోయా అనే మరో జంతువు నోరని తేలి చాలా ఏళ్లయింది.

మీ అన్నయ్య