42 కవితలు, సంతకం పైన నాలుగు లైన్లు

చిత్తూరు నుంచి మీరు రాసిన ఉత్తరం మూడుసార్లు చదివాను. మిగతా పాఠకుల కోసం సంగతి క్లుప్తంగా చెప్తాను. మీకు 37 ఏళ్లు, హైస్కూల్లో తెలుగు చెప్తారు. నాయన చేతిలో మీరు తిన్న దెబ్బల మీద, జేజినాయన చేతిలో ఆయన తిన్న దెబ్బల మీద 42 కవితలు రాశారు. డీటీపీ అయిపోయింది. నాయనకు పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు, అమ్మేమో "నేను పోయినాక వేసుకో నాయనా" అంటున్నారు. పుస్తకం వేయాలా వద్దా అని అడిగారు.

దానికి వస్తాను గానీ ముందు ఇంకో సంగతి ఉంది. మూడు పేజీల ఉత్తరం చివర, సంతకానికి పైన, నాలుగే నాలుగు లైన్లలో చెప్పి దాటేశారు చూడండి, అది. మీ అయిదేళ్ల బాబు ఆ ప్రూఫు కాగితాల మీద క్రేయాన్లతో బొమ్మలు గీశాడు. మీరు వాడి వీపు మీద రెండు వేశారు, "చేతులు ఇరిచేస్తా" అన్నారు, ఆ మాట మీ నాయనదని మీకు అన్నాక తెలిసింది. దెబ్బల గురించి రాసిన కవితలు పాడయ్యాయని పిల్లవాడికి దెబ్బలు. నిందించడానికి ఇది ఎత్తడం లేదు. ఆ నాలుగు లైన్లు రాయకపోతే నాకు తెలిసేది కాదు, మీరు రాశారు, అందుకే మీతో మొహమాటం లేకుండా మాట్లాడొచ్చు అనిపించింది.

"ఇది మా రక్తంలోనే ఉందా మేడమ్, జీన్స్‌లో వస్తుందా?" అని అడిగారు. తల్లిదండ్రులు పడ్డ ఘోరాల ఆనవాళ్లు పిల్లల శరీరంలో కనబడతాయా అని పరిశోధనలు జరుగుతున్నాయి, మనుషుల్లో మాత్రం ఏదీ ఇంకా తేలలేదు. తేలినా సరే, చెయ్యి ఎత్తించే జీన్ అంటూ ఒకటి ఉండదు. మీ ఇంట్లో నడిచి వచ్చిన దారి అంతకంటే మామూలుది, మీ కవితల్లోనే కనబడుతోంది.

మీరు పంపిన ఆరింటిలో నన్ను పట్టుకున్నది పందిరి గుంజ కవిత. పశువులు శనక్కాయ చేలో పడ్డాయని పదేళ్ల మీ నాయనను జేజినాయన రాత్రంతా పగ్గంతో గుంజకు కట్టేశారు. ఆ కథ నాయన ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెప్పేవారని, "అట్ల కట్టేసినాడు కాబట్టే మనిషినైనా" అనేవారని రాశారు. నాకు అక్కడ పగ్గం కంటే ఆ నవ్వుకే ఎక్కువ భయం వేసింది. అమెరికాలో సెల్మా ఫ్రైబెర్గ్ అనే పిల్లల మానసిక నిపుణురాలు తన సహచరులతో కలిసి చిన్నపిల్లలున్న ఇళ్లకు వెళ్లి, దెబ్బలు తిని పెరిగిన తల్లిదండ్రులతో పనిచేసి, 1975లో ఒక సంగతి రాశారు. అలా పెరిగినవాళ్లందరూ తమ పిల్లల్ని కొట్టరు. ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పగలిగి, అప్పుడు తమకు ఎంత నొప్పి, ఎంత భయం కలిగిందో మర్చిపోయినవాళ్లే ఎక్కువగా అదే పని తిరిగి చేస్తారట. గుంజ, పగ్గం, పశువులు అన్నీ గుర్తున్నాయి మీ నాయనకు. ఆ రాత్రి చీకట్లో పదేళ్ల పిల్లాడు ఎంత వణికాడో మాత్రం ఆయనకు గుర్తు లేదు, లేదా గుర్తుండే ధైర్యం లేదు.

మీ కవితల్లోనూ నాకు అదే కనిపించింది, చెప్తే బాధపడకండి. నాయన కళ్లు ఉన్నాయి, లుంగీ ఎగ్గట్టిన తీరు ఉంది, చింతబరిక వంగే చప్పుడు ఉంది. పోలికలు చాలా బాగున్నాయి, తెలుగు అయ్యవారు కదా. మరి మీరేరి? ఆ ఆరేళ్ల పిల్లాడికి ఎక్కడ మంట పుట్టింది, ఉచ్చ పోసుకున్నాడా, పొద్దున బడిలో వాతలు కనబడితే ఏం అబద్ధం చెప్పాడు, ఒక్క లైను లేదు. నాయన మాత్రమే ఉన్నారు, పెద్దగా, భయంకరంగా, కొంచెం అందంగా కూడా.

నాయన తాగుడే కారణం అని ఒకచోట రాశారు. మళ్లీ మీరే, ఆయన కాణిపాకంలో ప్రమాణం చేసి మానేశారని, ఆ తర్వాతా కొట్టడం ఆగలేదని రాశారు. కాబట్టి ఆ కారణం పక్కన పెట్టండి.

ఇప్పుడు బాబు సంగతి. వాడికి మీరు ఇంకా ఏమీ చెప్పలేదు, మర్నాడు చాక్లెట్ తెచ్చారు, అంతే. ఈ రోజే కింద కూర్చుని, వాడి ఎత్తుకు దిగి, "నేను కొట్టడం తప్పు. నాకు కోపం వచ్చింది, కోపం వస్తే కొట్టకూడదు. నువ్వు చెడ్డపిల్లాడివి కాదు" అని చెప్పండి. "కానీ నువ్వు కూడా" అని తోక తగిలించకండి. ఒళ్లు వేడెక్కి దవడలు బిగుస్తాయని రాశారు కదా, అది తెలియడం చాలా మేలు. అలా అయినప్పుడు నోరు తెరవకుండా గది బయటికి వెళ్లిపోండి, మీ ఆవిడకు ముందే చెప్పి ఉంచండి, ఆవిడ పిల్లాణ్ణి చూసుకుంటుంది.

తర్వాత 43వ కవిత రాయండి, ప్రూఫు కాగితాల రోజు మీద. అందులో కొట్టే తండ్రి మీరే. అది లేకుండా పుస్తకం వేస్తే మీరు సాక్షిగా మాత్రమే మిగులుతారు, అది నిజం కాదు. పుస్తకంలో చేర్చాలా లేదా అన్నది తర్వాత చూడొచ్చు. బాబు పేరు మాత్రం వద్దు, రేపు వాడే చదువుతాడు.

అమ్మ మాట. పరువు పోతుందని ఆవిడ భయం. తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు నడివీధిలో బూతులు తిట్టినా ఎవరూ తప్పు పట్టని నేల మనది, అయినా ఇంటి గుట్టు అనేసరికి నోళ్లు మూతపడతాయి. అంతమాత్రాన అమ్మను పిరికిదని తీసిపారేయకండి. వంటింట్లో ఆవిడను కొట్టిన కవితలు ఏడున్నాయన్నారు. అవి మీరు చూసినవి, పడింది ఆవిడ. ఆ ఏడూ ఆవిడకు చదివి వినిపించి, తీసేయమంటే తీసేయండి, వాదించకండి. మీ ఒంటి మీద పడ్డవాటికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. "నువ్వు పోయినాక వేస్తాలే" అన్న మాట మాత్రం ఇవ్వకండి. అమ్మ చావు కోసం ఎదురుచూసే పుస్తకం ఎవరికి కావాలి?

నాయన మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాలని ఉందన్నారు. వద్దు. మాట సరిగా రాని మనిషి బదులు చెప్పలేడు, ఆయన కన్నీళ్లు పెడితే అది పశ్చాత్తాపమో, అవమానమో, జబ్బో మీకు తేలదు. అంకితం పేజీలో "నాయనకు" అని పెట్టారు, అదీ ఆలోచించండి. మన చుట్టాలు కవితలు చదవరు గానీ ఆ పేజీ మాత్రం తప్పకుండా చదువుతారు.

రాయడం మొదలుపెట్టి ఎనిమిది నెలలు, నిద్ర లేదు అన్నారు. జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో అచ్చేసిన అధ్యయనంలో విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమ గాయాల గురించి రాయించారు. జరిగిందీ, అప్పటి మనసూ రెండూ రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు పెరిగింది, కానీ తర్వాతి ఆరు నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అంటే రాశాక కొన్నాళ్లు బరువుగా ఉండటం మామూలే, ఎనిమిది నెలలు నిద్ర లేకపోవడం మామూలు కాదు. నిద్ర లేని మనిషికి కోపం ఆపుకోవడమూ కష్టమే. 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా చూపించుకోవాలంటే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, చిత్తూరు నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరతారు. ప్రెస్సు వాళ్లకు ఫోన్ చేసి రెండు నెలలు ఆగమనండి. కవులతో వాళ్లకు అలవాటే.