ప్రపంచం కూలిపోయాక సాగే టీనేజ్ రేసింగ్ నవలల్లో నమ్మకం ఎక్కడ సడలుతుంది?

నాకైతే పెట్రోల్ దగ్గర. అంతా నాశనమైన 20 ఏళ్లకు హీరోయిన్ పాడుబడ్డ బంకులో ట్యాంకు నింపుకుని దూసుకెళ్తుంటే కథలోంచి బయటికొచ్చేస్తాను. నిల్వ ఉన్న పెట్రోల్ కొన్ని నెలలకే పాడవడం మొదలవుతుంది. తేలిగ్గా అంటుకునే భాగం ఆవిరైపోతుంది. మిగిలింది ఆక్సిజన్‌తో కలిసి జిగురులా మారి, ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లను మూసేస్తుంది. ఇథనాల్ కలిసిందైతే తేమను కూడా పీల్చుకుంటుంది. టైర్లూ అంతే, ఎండకి, గాలిలో ఉండే ఓజోన్ వాయువుకి పగుళ్లిస్తాయి.

అదే రచయిత పంటల నుంచి ఆల్కహాల్ తీసి బండి నడిపే మనుషుల్ని చూపిస్తే, ట్యాంకులో ఎంత మిగిలిందన్న టెన్షన్ మనకీ అంటుకుంటుంది. ఎవరు గెలిచారన్నదాని కన్నా, 16 ఏళ్ల పిల్ల తన చివరి క్యాన్ ప్రత్యర్థికి ఇవ్వాలా వద్దా అని తటపటాయించే పేజీలే నాకు ఎక్కువ ఇష్టం.