తండ్రి రిమాండు, కూతురి చదువు

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బి.ఏ. చివరి సంవత్సరంలో ఉంది. ఎం.ఏ.లో సమాజశాస్త్రం, నేరశాస్త్రం చదువుతానని పట్టుబట్టింది. పదకొండేళ్ల క్రితం పొలం గట్టు తగాదాలో మావారి మీద హత్యాయత్నం కేసు పెట్టారు. నాలుగు నెలలు రిమాండులో ఉన్నారు. తరువాత కోర్టు నిర్దోషి అని కేసు కొట్టేసింది. అప్పుడు పిల్లకు తొమ్మిదేళ్లు. నాన్న దుబాయిలో పనికి వెళ్లాడని చెప్పాం. ప్రతి మంగళవారం గుడికి వెళ్తున్నానని చెప్పి, దాన్ని పక్కింట్లో వదిలి, ములాఖత్‌కు వెళ్లేదాన్ని. పోయినేడు ఒక పెళ్లిలో బంధువొకరు నోరు జారితే దానికి తెలిసింది. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. అప్పటి నుంచే ఈ చదువు మాట ఎత్తింది. ఆ పేరు ఇంట్లో వినపడకూడదని మావారు అంటున్నారు. ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా, సంబంధాలు వస్తాయా, పాత సంగతి ఊరంతా పాకుతుందా అని నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీరు అడిగింది చదువు గురించే అయినా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ నాలుగు నెలల గురించే ఉంది. ముందు చదువు సంగతి రాసి, ఆ తరువాత ఆ నెలల సంగతికి వస్తాను. మొదటిది చెప్పి రెండోది వదిలేస్తే నా జవాబు మీ ఇంట్లో ఎవరికీ ఉపయోగపడదు.

నేరశాస్త్రం అన్న పేరు వినగానే మీవారి కళ్ల ముందు పోలీసు స్టేషను, కోర్టు బోను మెదలడం సహజం. చాలామంది దీన్ని ఫోరెన్సిక్ సైన్సుతోనూ పోలీసు శిక్షణతోనూ కలిపేసుకుంటారు. వేలిముద్రలు, రక్తపు మరకలు పరీక్షించే ఫోరెన్సిక్ చదువుకు సైన్సు డిగ్రీ కావాలి, బి.ఏ. చదివిన మీ అమ్మాయి అడుగుతున్నది వేరు. మనిషి నేరం ఎందుకు చేస్తాడు, ఏ పనిని సమాజం నేరమంటుంది, శిక్ష తరువాత అతనికీ, అతని వల్ల నష్టపోయిన వారికీ, ఇద్దరి ఇళ్లలోని వారికీ ఏమవుతుంది అని అడిగే శాస్త్రం ఇది. 19వ శతాబ్దంలో ఇటలీలో లొంబ్రోసో అనే వైద్యుడు పుట్టుకతోనే నేరస్థులైన వారు ఉంటారనీ, పుర్రె, దవడ చూసి వారిని పోల్చుకోవచ్చనీ వాదించాడు. ఆ వాదం నిలవలేదు. నేరస్థుడి ముఖాన్ని వదిలి అతను బతికే సమాజం వైపు చూడమని ఫ్రాన్సులో డర్కైమ్ అనే సమాజశాస్త్రవేత్త చెప్పాడు. నేరం రక్తంలో రాదనీ, సాంగత్యంలో నేర్చుకునేదనీ, పెద్ద వ్యాపారుల నేరాలను కూడా నేరాలుగానే లెక్కపెట్టాలనీ 1939లో అమెరికాలో సదర్లాండ్ అనే సమాజశాస్త్రవేత్త అన్నాడు. సమాజశాస్త్రాన్ని విడదీస్తే నేరశాస్త్రంలో మిగిలేది కొద్దే. మీ అమ్మాయి రెండింటినీ కలిపి అడగడంలో తెలివి ఉంది.

ఈ చదువు ఎందుకు అవసరమో చెప్పడానికి, మీరు బాపట్ల వైపు వారు కనుక, నేను ఇటలీ దాకా పోనక్కరలేదు. బాపట్ల నుంచి చీరాలకు రైలులో వెళ్తుంటే దారిలో స్టూవర్టుపురం వస్తుంది. బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, కొన్ని తెగల వారిని పుట్టుకతోనే నేరస్థులుగా రాసిపెట్టింది. 1911లో ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. తరువాత కొద్ది ఏళ్లకే ఎరుకల కుటుంబాలను తెచ్చి ఆ ఊళ్లో ఉంచి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు వారి నిర్వహణ అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అయినా ఆ ఊరి పేరు చెబితే ముఖం మార్చేవారు ఇప్పటికీ ఉన్నారు. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం ఆ కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పని చేశారు. ఆమెకు ఎదురైన కష్టంలో సగం ఆ ఊరివారి వల్ల కాక, బయటివారి చూపు వల్లనే వచ్చి ఉంటుందని నేను నమ్ముతాను. చట్టం వేసిన ముద్ర చట్టం పోయాక కూడా ఎన్ని తరాలు ఉంటుందో, ఎందుకు ఉంటుందో పరిశీలించడం మీ అమ్మాయి చదవబోయే శాస్త్రం చేసే పనుల్లో ఒకటి. ఆ ముద్ర బరువు మీ ఇంటికి కొత్త కాదు. నిర్దోషి అని కోర్టు చెప్పిన తరువాత కూడా మీరు దుబాయి కథను ఇన్నేళ్లు మోశారు.

మీవారికి ఒక లెక్క చెప్పండి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 సంవత్సరాంతానికి దేశంలోని జైళ్లలో సుమారు 5 లక్షల 73 వేల మంది ఉంటే, వారిలో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలు. అంటే లోపల ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. పదకొండేళ్ల క్రితం మీవారు ఉన్నది అటువంటి వారిలోనే. జామీను దొరకక, వకీలు ఫీజు కుదరక, వాయిదా మీద వాయిదా పడి అక్కడ రోజులు లెక్కపెట్టేవారి గురించి ఒక్కరైనా శ్రద్ధగా చదివి, అడిగి, రాయాలి కదా. ఆ పని చేస్తానంటున్నది ఆయన కూతురే.

ఎక్కడ చదవాలన్న విషయంలో నా అభిప్రాయం కొంచెం కచ్చితంగా ఉంది. నేరశాస్త్రానికి మన దేశంలో పాత విభాగాలు మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయంలోనూ మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ ఉన్నాయి. మొదటిది 1959లో, రెండోది 1965లో ప్రారంభమయ్యాయి. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ సోషల్ వర్క్ ఎం.ఏ.లో నేరం, న్యాయం అనే అంశాన్ని ప్రత్యేకంగా బోధిస్తూ వచ్చింది. ఆ సంస్థ 1990లో ప్రారంభించిన ప్రయాస్ ప్రాజెక్టు జైళ్లలోనూ కోర్టుల్లోనూ చిక్కుకున్నవారి మధ్య నేరుగా పని చేస్తుంది. అయినా ముందు సమాజశాస్త్రంలో ఎం.ఏ. చేసి, నేరశాస్త్రాన్ని ప్రత్యేకాంశంగానో, పరిశోధనాంశంగానో తీసుకోవడం మేలని నేను అనుకుంటాను. మన రెండు రాష్ట్రాల్లో సమాజశాస్త్ర విభాగాలు ఉన్నన్ని చోట్ల నేరశాస్త్ర విభాగాలు లేవు. అధ్యాపక అర్హతకు రాసే నెట్ పరీక్ష రెండు శాస్త్రాల్లోనూ ఉన్నా, పాఠం చెప్పే పోస్టులు సమాజశాస్త్రంలోనే ఎక్కువ. సివిల్స్‌లో సమాజశాస్త్రాన్ని ఐచ్ఛికాంశంగా తీసుకోవచ్చు. నేరశాస్త్రం ఆ జాబితాలో లేదు. నాగార్జున, ఆంధ్ర విశ్వవిద్యాలయాలకు రాష్ట్ర పీజీ సెట్ రాయాలి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి జాతీయ స్థాయిలో జరిగే సీయూఈటీ రాయాలి. రెండూ రాయనివ్వండి.

ఉద్యోగం మర్నాడే వస్తుందని నేను చెప్పను. స్వచ్ఛంద సంస్థల్లో మొదట జీతాలు తక్కువగానే ఉంటాయి. కానీ పని ఉంది. నేరం చేశాడన్న ఆరోపణ మీద ఒక పిల్లవాణ్ని బాలల న్యాయ చట్టం కింద ఏర్పడిన బాలల న్యాయ బోర్డు ముందు హాజరుపరిస్తే, ఆ రోజు నుంచి 15 రోజుల్లో ప్రొబేషన్ అధికారి అతని ఇంటి పరిస్థితి, చదువు, స్నేహాలు విచారించి నివేదిక ఇవ్వాలి. ఆ బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, వారిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. ఆ స్థానానికి చట్టం చెప్పిన అర్హతల్లో సమాజశాస్త్రం డిగ్రీతో వృత్తిలో ఉండటం కూడా ఒకటి. తండ్రి మీద ఒకప్పుడు కేసు ఉన్నందున ప్రభుత్వ ఉద్యోగం రాదన్న భయం వదిలేయండి. ఉద్యోగంలో చేరేటప్పుడు అభ్యర్థి తన మీద ఉన్న కేసుల గురించే చెప్పవలసి ఉంటుంది. ఇక సంబంధాల మాట. చదువు పేరు విని వెనక్కి పోయే సంబంధం పోనివ్వండి. కేసు సంగతి మాత్రం వచ్చినవారికి మీరే ముందుగా, కోర్టు తీర్పుతో సహా చెప్పండి. పెళ్లయ్యాక మరో బంధువు నోరు జారే పరిస్థితి రాకూడదు.

ఇప్పుడు ఆ నాలుగు నెలల సంగతి. మీ అమ్మాయికి ఏడాది క్రితమే తెలిసింది, అయినా అడగలేదు. అడిగితే మీరు నొచ్చుకుంటారని ఆగి ఉండవచ్చు. ఇన్నేళ్లు అబద్ధం చెప్పారన్న కోపం కూడా ఉండవచ్చు. అడగలేని ప్రశ్నను ఆమె విశ్వవిద్యాలయానికి పట్టుకుపోతోందని నాకనిపిస్తోంది. అందులో తప్పేమీ లేదు, ఈ రంగంలోకి వచ్చే చాలామందిని ఏదో ఒక సొంత అనుభవమే తెస్తుంది. కానీ ఇంట్లో జవాబు దొరకని పిల్ల జైలుకు అధ్యయనానికి వెళ్తే, ఎదుట కూర్చున్న ప్రతి ఖైదీలోనూ తండ్రినే వెతుక్కుంటుంది. అప్పుడు ఆమె వినవలసిన మాట వినలేదు. దొంగతనమో, దౌర్జన్యమో నిజంగా చేసినవాణ్ని కూడా నిర్దోషే అనుకుంటుంది, అతని చేతిలో దెబ్బ తిన్నవారి పక్క నుంచి చూడలేకపోతుంది. ఈ చదువుకు రెండు పక్కలా చూసే ఓర్పు కావాలి. మీ చేతికి అందే సహాయం అక్కడే ఉంది: ఆమె దరఖాస్తు నింపే ముందే మీరు నోరు విప్పండి.

ఊరంతా పాకుతుందన్న మీ భయానికి ఆ శాస్త్రంలోనే కొంత ఊరట ఉంది. ఎవరి జీవితం గురించైనా రాయాలంటే ముందు వారి అంగీకారం తీసుకోవాలని, పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు మార్చాలని, చెప్పినవారు మనసు మార్చుకుంటే ఆ మాటను తీసేయాలని పరిశోధన చేసే విద్యార్థికి నేర్పుతారు. ఆ నియమం సొంత ఇంటికి కూడా వర్తిస్తుంది. తండ్రి ఒప్పుకోకుండా ఆయన కేసును తన వ్యాసంలో రాయకూడదని మీరు ఆమెను అడగవచ్చు, ఆమె మాట ఇవ్వాలి. మీవారితో మాట్లాడేటప్పుడు ఈ సంగతినే ముందు పెట్టండి. ఆయన కోపం చదువు మీద అని నాకు తోచడం లేదు; తన కూతురు తనను ఖైదీగా ఊహించుకుంటుందన్న సిగ్గు ఆయనను అలా మాట్లాడిస్తోంది. ఆయనను తొందరపెట్టకండి. "అమ్మాయికి తెలుసు, ఏడాదిగా తెలుసు, అయినా నాన్నా అని పిలవడం మానలేదు" అని మాత్రం చెప్పి, ఆ మాటను ఆయన దగ్గర కొన్ని రోజులు ఉండనివ్వండి.

ఆయన ససేమిరా అంటే లోపల జరిగింది చెప్పమని పట్టుపట్టవద్దు, అది ఆయన కథ. జైలు గేటు బయట నిలబడి మీరు పడినది మీ కథ. దాన్ని చెప్పడానికి మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు. అబద్ధం చెప్పినందుకు సంజాయిషీ ఇస్తూ మొదలుపెట్టకండి, ఏడిస్తే ఏడవండి, ఆమె కోపగించుకుంటే అడ్డు రాకుండా వినండి. క్యారేజీలో అన్నం సర్దుకుని, గుడికి వెళ్తున్నానని ఆమెను పక్కింట్లో వదిలిన ఆ మంగళవారాల దగ్గర నుంచి మొదలుపెట్టండి. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మంగళవారాలు గుర్తుండే ఉంటాయి.