తెల్ల కార్డు ఉంది, నాన్నకు డయాలసిస్ ఉచితంగా ఎక్కడ చేయించాలి?

మీది నల్గొండ దగ్గర పల్లె అన్నారు. నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్, ప్రైవేటులో ఒక్కోసారికి 2,000 అవుతోంది, హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని నిమ్స్‌లో ప్రయత్నించాలా అని అడిగారు.

గది తీసుకోకండి. మా అమ్మకు ఏళ్లుగా ఆరోగ్యశ్రీ మీదే డయాలసిస్ జరుగుతోంది కాబట్టి చెప్తున్నాను. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లోనే కాదు, చాలా ఏరియా ఆసుపత్రుల్లోనూ డయాలసిస్ సెంటర్లు ఉన్నాయి, అక్కడ పైసా తీసుకోరు. ఇది పది రోజులతో తీరే వైద్యం కాదు. మమ్మల్ని కుంగదీసింది ఆసుపత్రి బిల్లు కాదు, ఆటో చార్జీలు, తోడు వెళ్లిన రోజల్లా పోయే కూలి. అందుకే పేరున్న ఆసుపత్రి కన్నా ఇంటికి దగ్గరి సెంటరే మేలు. కిడ్నీ మార్పిడి ఆపరేషన్ దాకా వస్తే అప్పుడు నిమ్స్, ఉస్మానియా. అదీ ఆరోగ్యశ్రీలో ఉంది.

అసలు కష్టం స్లాట్ దొరకడం. మిషన్లు కొన్నే ఉంటాయి. ఎవరైనా వేరే చోటికి మారితేనో, చెప్పడానికి బాధగా ఉన్నా, చనిపోతేనో ఒకటి ఖాళీ అవుతుంది. ఫోన్లతో పని జరగదు. స్వయంగా వెళ్లి ఆరోగ్యమిత్ర (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఉద్యోగి) దగ్గర పేరు రాయించండి, రెండు మూడు సెంటర్లలో రాయించినా తప్పు లేదు. ఆధార్, రేషన్ కార్డు, కిడ్నీ డాక్టర్ చీటీతో పాటు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి రిపోర్టులు పట్టుకెళ్లండి. అవి లేకుండా మిషన్ మీద పెట్టరు. రేషన్ కార్డులో నాన్నగారి పేరు ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

మెడలో పైపుతో డయాలసిస్ నడిపిస్తుంటే ఫిస్టులా ఆపరేషన్ గురించి డాక్టర్‌ని వెంటనే అడగండి. అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో రెండు రక్తనాళాలను కలపడం. పైపుతో ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, పైగా ఫిస్టులా వాడకానికి రావడానికి నెల పైనే పడుతుంది. మా అమ్మ పొద్దున లేవగానే కుడిచేత్తో, ఫిస్టులా ఉన్న ఎడమ మణికట్టు తడిమి చూసుకుంటుంది. చర్మం కింద జుమ్మని అదురుతూ ఉండాలి. ఆ అదురు ఆగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, డయాలసిస్‌కు తప్ప సూది గుచ్చనివ్వకండి, బరువులు ఎత్తనివ్వకండి.

ఇంకో మాట. ఆరోగ్యశ్రీ ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మమ్మల్ని ‘డయాలసిస్ ఫ్రీ, ఫిల్టర్ (మిషన్‌లో రక్తాన్ని వడకట్టే గొట్టం) డబ్బులు మీరే కట్టాలి’ అన్నారు. చాలామంది భయపడి కట్టేస్తున్నారు, అది చూస్తే కడుపు రగిలిపోతుంది. మిషన్ ఎక్కిన మనిషి ఎదురు మాట్లాడలేడని వాళ్లకు తెలుసు. మీరు మాత్రం కట్టకముందే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. మేం ఇచ్చాక మళ్లీ అడగలేదు. ఆరోగ్యశ్రీలో కుటుంబానికి ఏడాదికి ఉన్న 5 లక్షల పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు, కాబట్టి ‘మీ కార్డులో డబ్బు అయిపోయింది’ అన్నా గుడ్డిగా నమ్మకండి.

డయాలసిస్ పేషెంట్లకు నెలకు 2,016 పింఛను కూడా ఉంది. ఎంపీడీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. బీపీ మాత్రలు జనౌషధి షాపులో తీసుకుంటే చాలా తక్కువకు వస్తాయి.

మీది ఏ మండలమో రాయండి, దగ్గరలో ఏ సెంటర్ ఉందో కనుక్కుని చెప్తాను.