ఇద్దరే ఉన్న బ్యాండ్ నిలబడాలంటే

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్నేహితుడితో కలిసి ఎక్స్‌పరిమెంటల్ బ్యాండ్ పెట్టాను. ఎక్కువగా శబ్దాలతోనే ప్రయోగాలు చేస్తాం, వినేవాళ్లు తక్కువ. చదువు మానేసి పూర్తిగా ఇందులోకే దిగాలని ఉంది. మా జోడీ ఎన్నాళ్లు నిలుస్తుందోనని టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు: చదువు మానకండి, బ్యాండూ మానకండి. జర్మనీలో రాల్ఫ్ హ్యూటర్, ఫ్లోరియన్ ష్నైడర్ సంగీతం చదువుకుంటూ స్నేహితులయ్యారు. 1970లో క్రాఫ్ట్‌వర్క్ అనే ఎలక్ట్రానిక్ సంగీత బ్యాండ్ మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే హ్యూటర్ ఆర్కిటెక్చర్ చదువు కోసం కొన్ని నెలలు పక్కకు తప్పుకున్నారు. ష్నైడర్ వేరేవాళ్లతో కచేరీలు నడిపారు. హ్యూటర్ తిరిగి రాగానే ఇద్దరూ మళ్లీ పనిలో పడ్డారు. చదువుకు వెళ్లినంత మాత్రాన బ్యాండ్ పోలేదు. పేరు మాత్రం 1974లో, నాలుగో ఆల్బమ్ ‘ఆటోబాన్’తో వచ్చింది. అన్నాళ్లూ వాళ్లను పట్టి ఉంచింది సొంత స్టూడియో గది. ఉద్యోగానికి వెళ్లినట్టే అక్కడికి వెళ్లేవారు. ష్నైడర్ 2008 దాకా బ్యాండ్‌లోనే ఉన్నారు.

మీకూ అలాంటి చోటు కావాలి. ఇంట్లో ఒక మూల అయినా చాలు. వారానికి రెండు రోజులు, ఫలానా టైమ్ అని పెట్టుకోండి. మూడ్ లేకపోయినా కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశాకే వాయించడం మొదలుపెట్టండి. ఫైలుకు తేదీ పేరుగా పెట్టండి. ప్రయోగాల్లో బాగా కుదిరింది రెండోసారి అలాగే రావడం కష్టం.

రెండోది డబ్బు, హక్కులు. స్నేహితులు మొహమాటపడేది ఇక్కడే. హ్యూటర్ లేనప్పుడు ష్నైడర్‌తో వాయించిన మైకేల్ రోటర్, క్లౌస్ డింగర్ తర్వాత ‘నోయ్!’ అనే బ్యాండ్ పెట్టారు. రెండో ఆల్బమ్ మధ్యలో డబ్బు అయిపోతే, అంతకుముందు విడుదల చేసిన సింగిల్ రికార్డునే వేరే వేగాల్లో తిప్పి ఆల్బమ్ రికార్డు రెండో వైపు నింపేశారు! అంత తెగువ ఉన్నవాళ్లకు కూడా తర్వాత పొసగలేదు. ఆ గొడవల వల్ల ఆ ఆల్బమ్‌లు 2001 దాకా అధికారికంగా సీడీలుగా రాలేదు. అంత మంచి సంగీతం అలా ఆగిపోయిందని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే ఈ వారమే ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. పాట కట్టినవాళ్ల వాటా ఎంత, రికార్డింగ్ ఎవరిది, ఒకరు వెళ్లిపోతే బ్యాండ్ పేరు ఎవరికి, ఎవరి డబ్బుతో కొన్న పరికరం ఎవరి దగ్గర ఉండాలి. ఇద్దరూ సంతకాలు పెట్టి చెరో కాపీ ఉంచుకోండి. డిగ్రీ అయ్యాక, అప్పటిదాకా పోగైన రికార్డింగులు పట్టుకుని రండి, మాట్లాడుకుందాం.